ఏనుగు కట్టేసిన కొంప

అలల హోరు అంతఃపురం దాకా వినపడేటంత దగ్గరగా, సముద్రపు ఒడ్డున ఉన్న ఒకానొక రాజ్యంలో, ఒక వింత శాసనం ఉండేది. రాజుగారి తల కంటే ఎత్తున ఎవరి పాదమూ ఉండకూడదు.

ఆ శాసనం పుట్టడానికి ఒక తుండుగుడ్డ కారణం.

ఉద్దండ భూపతికి పట్టాభిషేకం జరుగుతున్న రోజున పోలయ్య అనే పెంకులు సర్దేవాడు కోట కప్పు మీద పని చేసుకుంటున్నాడు. కింద మేళతాళాలు వినపడేసరికి ఉండబట్టలేక ఒక పెంకు పక్కకు జరిపి తొంగి చూశాడు. అతని భుజాన ఉన్న చెమట తుండు జారింది. జారి, తిన్నగా వచ్చి కొత్త కిరీటం మీద కూర్చుంది. సభంతా గొల్లుమంది. హారతి పళ్లెం పట్టుకున్న ముత్తయిదువలు కూడా పళ్లెం వణికేలా నవ్వారు.

పోలయ్యను ఎవరూ ఏమీ అనలేదు. కానీ ఆ నవ్వు రాజుగారి చెవుల్లోంచి పోలేదు. మర్నాడే దండోరా వేయించారు.

ఇక చూడండి అవస్థ. రాజుగారి పల్లకీ వీధిలోకి వస్తే చాలు, తాడిచెట్ల మీద కల్లు గీస్తున్నవాళ్లు జరజరా జారిపోయేవారు. మిద్దెల మీద మిరపకాయలు ఎండబెట్టుకుంటున్న ఆడవాళ్లు చాటలు వదిలేసి కిందికి పరుగెత్తేవారు. కోట మూల ఉన్న కావలి బురుజు మీద కాపలావాళ్లను దింపేశారు. దాని మెట్ల మీద గడ్డి మొలిచింది.

మరి కోట కప్పు సంగతో?

రాజుగారు ఊళ్లో లేనప్పుడైనా ఎక్కి బాగు చేసుకోవచ్చుగదా అని మీకు అనిపించవచ్చు. ఆ మాట అప్పుడే ఎవరో అడిగారు. ఆస్థాన పండితుడు పేరిభట్టు ఒప్పుకోలేదు. "సింహాసనం ఎక్కడుంటే ప్రభువు అక్కడున్నట్టే. సింహాసనం నెత్తిన కాలు పెడతారా?" అన్నాడు. రాజుగారికి ఆ మాట ఎంతో నచ్చింది.

పెంకుటింట్లో ఉన్నవాళ్లకు తెలుసు. ఏటేటా రోహిణి కార్తెలో పెంకులు ఒకసారి తిరగేయాలి. ఏడాది పొడుగునా కాకులు వాటిని పొడుస్తాయి, పిల్లులు తొక్కుతాయి, కోతులు తీసి ఆడుకుంటాయి. పగిలినవి మార్చి, జారినవి ఎక్కించి, చూరు దాకా వరస సరిచూసుకుంటేనే వానాకాలం నిశ్చింతగా గడుస్తుంది. కోట కప్పుకు ఆ యోగం లేకపోయింది. కోతులకు మాత్రం శాసనం వర్తించలేదు.

మొదటి ఏడాది వానలకు కొలువులో టప్ మని ఒక చుక్క రాజుగారి భుజం మీద పడింది. సభ బిగుసుకుపోయింది. పేరిభట్టు వెంటనే లేచి చేతులు జోడించాడు.

"ఆహా! సాక్షాత్తూ వరుణదేవుడు ప్రభువులకు అభిషేకం చేస్తున్నాడు. ఏ రాజుకు దక్కింది ఈ భాగ్యం!"

అంతటితో కారడం అనే మాట కోటలో నిషిద్ధమైపోయింది. చుక్క పడిన చోటల్లా వెండి గిన్నె పెట్టేవారు. గిన్నెలు చాలక ఇత్తడి బిందెలు పెట్టారు. అవీ చాలనప్పుడు, నిచ్చెన వేసుకుని, లోపలి వైపు నుంచే పెంకులకు సున్నం మెత్తేవారు. అలా మెత్తేటప్పుడు రాజుగారిని ఎత్తుపీట మీద నిలబెట్టేవారు, మెత్తేవాడి కాలు ఆయన తలను దాటకుండా. కింద నుంచి మెత్తితే వాన ఆగుతుందా? ఇక్కడ మూస్తే నీళ్లు వాసం పట్టుకుని పాకుతూ వెళ్లి ఇంకోచోట దిగేవి. కన్నం ఒకచోట ఉంటుంది, చుక్క మరోచోట పడుతుంది. ఇది తెలియక వాళ్లు చుక్క పడిన చోటునే నమ్ముకున్నారు.

అలా ఏళ్లు గడిచాయి. ఒక ఏడాది రోహిణి ఎండలు విపరీతంగా కాశాయి. ఒకనాడు పొద్దున్న గాలి హఠాత్తుగా నిలిచిపోయింది. ఆకు కదలడం లేదు. చీమలు గుడ్లు నోట కరుచుకుని గోడలెక్కుతున్నాయి. పల్లెకారులు పడవలను ఒడ్డు మీదికి లాగి, ఇంకా పైకి లాగి, తాళ్లతో కట్టి, ఆ ముళ్లనే మళ్లీ మళ్లీ తడిమి చూసుకుంటున్నారు. ఊళ్లో ప్రతి ఇంటి మీదా ఒక మనిషి ఉన్నాడు. తాటాకు కప్పేవాళ్లు, పెంకు సర్దేవాళ్లు, చూరుకు రాళ్లు వేలాడదీసేవాళ్లు. ఎవరూ ఒక్కచోట నిలబడలేకపోతున్నారు.

కొలువులో కూడా అంతే. రాజుగారు సింహాసనం మీద ఇటు జరిగి అటు జరిగి విసుక్కుంటున్నారు.

అప్పుడు సూరాలమ్మ వచ్చింది. తూర్పు చావడిలో ఉన్న విత్తనపు గాదెలకు ఆమె కాపలాదారు. చుట్టుపక్కల ఊళ్లన్నీ పల్లంలో ఉన్నాయి గనుక విత్తనపు వడ్లు కోటలోనే దాచుకోవడం తాతల నాటి ఆనవాయితీ. మృగశిర రాగానే పంచిపెట్టాలి, నారు పోసుకోవాలి. ఆ వడ్లు పోతే ఆ ఏడు పంట లేదు. పంట లేకపోతే తిండి లేదు.

"బాబూ, తుఫాను వస్తోంది. రేపు పొద్దుగూకేలోగా మన మీద పడుద్దని పల్లెకారులు చెబుతున్నారు. చావడి కప్పు చూస్తే లోపల్నుంచే ఆకాశం కనపడుతోంది," అంది ఆమె.

పేరిభట్టు చిరాగ్గా చూశాడు. "అమ్మా, ఆ కప్పులోంచి దిగేది వరుణుడి అభిషేక జలం. అందులో దోషం చూడకూడదు."

"నేను చదువుకున్నదాన్ని కాను బాబూ. వడ్లు కూడా చదువుకోలేదు. అభిషేకమో మరోటో వాటికి తెలీదు. నీళ్లు పడ్డాయంటే గాదెలోనే మొలకెత్తేస్తాయి, అంతే."

ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వింది సింగన. ఆస్థానంలో అతని ఉద్యోగం ఏమిటో ఎవరికీ సరిగ్గా తెలియదు. రాజుగారికి విసుగు పుట్టినప్పుడు మాట్లాడటం, కోపం వచ్చినప్పుడు మాట్లాడకపోవడం, అదీ అతని పని.

అంతలో ఒక జల్లు పడింది. తుఫాను ముందు పంపిన కబురులాంటి చిన్న జల్లు. అది చాలు. సింహాసనం మీద టప్. రాజుగారు లేచారు. సింహాసనం ఎడమకు జరిపారు. అక్కడా టప్. కుడికి జరిపారు. వెనక్కి జరిపారు. మోసే భటులకు రొప్పు వచ్చింది. చివరికి రాజుగారు గుమ్మం దగ్గర నిలబడి, సింహాసనం స్తంభం వెనక ఉండగా, కొలువు తీర్చారు.

"సింగనా! నవ్వావు కదూ?"

"నవ్వు కారింది ప్రభూ. కింద గిన్నె పెట్టుకోలేదు."

పేరిభట్టు ఇదే అదను అనుకున్నాడు. "ప్రభూ, నోరు ఇంత గట్టిగా ఉన్నవాడికి చేతులు కూడా ఉంటాయి. చావడిలో చుక్క పడకుండా చూసే భారం ఇతనికే అప్పగించండి. శాసనం మాత్రం తప్పకూడదు సుమండీ. ప్రభువు తల కంటే ఎత్తున ఎవరి కాలూ ఉండరాదు."

రాజుగారు మీసం దువ్వారు. "విన్నావుగా? తుఫాను వెలిసేనాటికి ఒక్క వడ్లగింజ తడిసినా నువ్వు ఈ రాజ్యంలో ఉండవు. శాసనం మీరినా ఉండవు."

సింగన నమస్కారం పెట్టి బయటికొచ్చాడు. సూరాలమ్మ వెంటపడింది.

"ఏం చేస్తావు సింగన్నా?"

"తిరుగుతానమ్మా."

"తిరిగితే కప్పు బాగవుద్దా?"

"కూర్చుంటే మాత్రం అవుద్దా?"

అతను నిజంగానే తిరిగాడు. కోట చుట్టూ తిరిగాడు, చావడి చుట్టూ తిరిగాడు. అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచాడు. సూరాలమ్మ గాదెల మీద గోనెపట్టాలు కప్పుతోంది. కప్పినవి తీసి మడత మార్చి మళ్లీ కప్పుతోంది. గోనెపట్టా ఎంతసేపు ఆపుతుంది? ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

తెల్లవారింది. ఆకాశం రాగిచెంబు అడుగులా ఉంది. గాలి ఉండుండి ఒక్క విసురు విసురుతోంది. సింగన కోట పెరట్లో నిలబడి పైకి చూస్తుంటే, కొలువుకూటం కప్పు కొసన ఒక ముసలి కోతి కూర్చుని మామిడిపండు తింటోంది. తిని, టెంకను పెంకుల మీదికి విసిరింది. ఒక పెంకు ఊడి దొర్లుకుంటూ వచ్చి సింగన కాళ్ల దగ్గర పడింది.

సింగన దాన్ని తీసుకుని కళ్లకద్దుకున్నాడు. తిన్నగా రాజుగారి దగ్గరికి వెళ్లాడు. అక్కడ పేరిభట్టు ఉండనే ఉన్నాడు.

"ప్రభూ, ఘోరం జరిగిపోతోంది. శాసనం మీరి ఒకడు తమ తల మీద కూర్చున్నాడు."

"ఎవడు వాడు?" రాజుగారు లేచి నిలబడ్డారు.

"పేరు తెలియదు. ముసలివాడు. తోక ఉంది. మామిడిపండు తింటున్నాడు."

"కోతా?"

"కోతి కాళ్లు కాళ్లు కావా ప్రభూ? ఒక్కడే అనుకుంటే పొరపాటు. పిల్లాజెల్లాతో సహా పగలంతా అక్కడే కాపురం. పైగా కాకులు. పైగా పిల్లులు."

"పట్టించు వాటిని!"

"పట్టాలంటే కప్పెక్కాలి. ఎక్కడానికి శాసనం ఒప్పుకోదు."

రాజుగారు చేతులు వెనక్కి కట్టుకుని గదిలో ఆ మూల నుంచి ఈ మూలకు నడిచారు. సింగన నెమ్మదిగా పేరిభట్టు వైపు తిరిగాడు.

"శాస్త్రం తెలిసినవారు, తమరే సెలవియ్యాలి భట్టుగారూ. మహారాజు కోతి కంటే కింద కూర్చోవడం తగునా?"

పేరిభట్టు నోరు తెరిచాడు. తగును అంటే తల పోతుంది. "తగదు. ముమ్మాటికీ తగదు," అన్నాడు.

"అయితే కోతి దిగాలి, లేదా ప్రభువు ఎక్కాలి. కోతి మన మాట వినదు. ప్రభువు కింద ఉండాలని మాత్రం శాసనంలో ఎక్కడైనా ఉందా?"

"లేదు... లేదనుకుంటాను."

"మన కావలి బురుజు కోట కప్పు కంటే ఎత్తు. ప్రభువు సింహాసనంతో సహా దాని మీద ఆసీనులైతే కోతులేమిటి, కొబ్బరిచెట్లు కూడా కిందే. భట్టుగారు ఔనంటున్నారు ప్రభూ."

పేరిభట్టు ఔనన్నదీ లేదు, కాదన్నదీ లేదు. కానీ రాజుగారు అప్పటికే చెప్పులు తొడుక్కుంటున్నారు.

బురుజు మెట్లు రాజుగారే ముందు ఎక్కారు. ఆయన వెనక సింగన, సింగన వెనక గొడుగు పట్టేవాడు, అతని వెనక సింహాసనం మోసే భటులు. పట్టాభిషేకం తరవాత ఆయన అంత ఎత్తుకు వెళ్లడం అదే మొదటిసారి. పైకి చేరేసరికి గాలి గొడుగును తిరగేసింది. ఒకవైపు సముద్రం బూడిదరంగులో పొర్లుతోంది. మరొకవైపు ఊరంతా కాళ్ల కింద ఉంది. ప్రతి కప్పు మీదా మనుషులు. రాజుగారిని చూసి దిగబోయి, ఆయన తమ కంటే పైనే ఉన్నారని గ్రహించి, ఆగిపోయి, మళ్లీ పనిలో పడ్డారు.

రాజుగారికి ఉత్సాహం వచ్చింది. ఒక్కొక్క ఇల్లే చూపిస్తూ, "ఇది శుభ్రంగా ఉంది. అదీ బావుంది," అంటున్నారు. ఉన్నట్టుండి ఆగి ముక్కు చిట్లించారు.

"సింగనా! ఆ కొంప ఎవరిది?"

"ఏది ప్రభూ?"

"అదిగో, సరిగ్గా మన కిందే. సగం పెంకులు లేవు. గడ్డి మొలిచింది. రావిమొక్క కూడా ఉంది. కోతులు సంత పెట్టాయి. ఎవడయ్యా ఆ ఇంటివాడు? తుఫాను ముంచుకొస్తుంటే సిగ్గులేకుండా నిద్రపోతున్నాడా?"

"నిద్రపోలేదు ప్రభూ. మెలకువగానే ఉన్నాడు. కాకపోతే కప్పు ఎవరినీ ఎక్కనివ్వడు."

"ఎందుకూ?"

"వాళ్ల కాళ్లు తన తలకంటే పైకి వస్తాయట."

"వట్టి మూర్ఖుడు! కొరడాతో..." అని రాజుగారు ఆగిపోయారు. కళ్లు చిన్నవి చేసుకుని చూశారు. "ఆ వాకిట్లో కట్టేసిన ఏనుగు... మన ఏనుగులా ఉందే."

సింగన మాట్లాడలేదు. ఎప్పుడు మాట్లాడకూడదో అతనికి తెలుసని ముందే చెప్పాను కదా.

రాజుగారు పిట్టగోడ మీంచి వంగి ఆ కొంపను మళ్లీ చూశారు. చెవులు ఎర్రబడ్డాయి. కింద చావడి వాకిట్లో సూరాలమ్మ నిలబడి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, బురుజు వైపే చూస్తోంది.

"నేను ఇక్కడ కూర్చుంటే, అక్కడ ఎక్కేవాళ్ల కాళ్లు నా తల కంటే కిందే ఉంటాయి," అన్నారు రాజుగారు, ఎవరితోనూ కాకుండా.

"తమరు కనిపెట్టిన ఉపాయం అద్భుతం ప్రభూ," అన్నాడు సింగన.

"ఇంకా పిలిపించలేదేం? ఆ తుండుగుడ్డవాణ్ణి పిలవండి!"

పోలయ్య వచ్చాడు. ముసలివాడయ్యాడు, కొడుకులనూ అల్లుళ్లనూ వెంటేసుకుని వచ్చాడు. నిచ్చెన మీద కాలు పెట్టే ముందు భుజాన తుండు తీసి నడుముకు గట్టిగా బిగించుకున్నాడు.

పని మొదలైంది. ముందు తూర్పు చావడి, ఆ తరవాతే కొలువుకూటం అని రాజుగారే పైనుంచి కేక వేశారు. రాజుగారు ఒక్క మెట్టు దిగినా కప్పు మీదున్న వాళ్లంతా దిగాలి. కనక ఆయన దిగడానికి లేదు. మధ్యాహ్నం భోజనం బుట్టలో పెట్టి తాడుతో లాగారు. గాలి హెచ్చుతోంది. ఆయన కూర్చోలేక లేచారు, నిలబడలేక పిట్టగోడ పట్టుకున్నారు. పట్టుకుని అరుస్తూనే ఉన్నారు.

"పోలయ్యా! ఎడమ పక్క! కాదయ్యా, నీ ఎడమ కాదు, నా ఎడమ!"

"కనపడింది మారాజా!"

"ఆ రావిమొక్క వేరుతో సహా పీకు!"

లోపలి కన్నాలు ఎక్కడెక్కడ ఉన్నాయో పైవాళ్లకు చెప్పాలి గదా. చీకటి చావడిలో నిలబడి పైకి చూస్తే కన్నం ఉన్నచోట వెలుగు చుక్కలా కనిపిస్తుంది. అక్కడ కర్రతో తట్టాలి. ఆ పని పేరిభట్టుకు అప్పగించారు. ఆయన పొడవాటి వెదురుకర్ర పట్టుకుని, ఉత్తరీయం తలకు చుట్టుకుని, "ఇక్కడ! ఇదిగో ఇక్కడ!" అంటూ తిరిగాడు. చావడి అయ్యాక కొలువుకూటంలో కూడా అదే పని. కసి కొద్దీ కాస్త గట్టిగానే పొడిచాడు.

పొద్దు వాలుతుండగా చివరి వరస మిగిలింది. ఆకాశం నల్లబడింది. సముద్రం మీద నుంచి గాలి ఒక్క ఉరుకున వచ్చి రాజుగారి జరీ తలపాగాను ఎగరేసుకుపోయింది. అది గాలిలో గిరికీలు కొట్టి, విడిపోకుండానే, తిన్నగా దిగి పోలయ్య నెత్తిన కూర్చుంది.

కప్పు మీద చేతులన్నీ ఆగిపోయాయి. వాకిట్లో సూరాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పోలయ్య రెండు చేతుల్లో రెండు పెంకులు పట్టుకుని రాయిలా నిలబడ్డాడు. తీద్దామంటే చేతులు ఖాళీ లేవు, ఉంచుకుందామంటే ధైర్యం లేదు. ఒక్కరు కూడా నవ్వలేదు.

బురుజు మీది నుంచి మొదట చిన్న దగ్గులాంటిది వినిపించింది. తరవాత అది నవ్వైంది. రాజుగారు పొట్ట పట్టుకుని, పిట్టగోడకు ఆనుకుని, కళ్లవెంట నీళ్లు కారేలా నవ్వారు.

"తుండుకు తలపాగా! చెల్లుకు చెల్లు పోలయ్యా! పెంకు వెయ్యి, పెంకు వెయ్యి, వానొచ్చేస్తోంది!"

అప్పుడు నవ్వారు అందరూ. నవ్వుతూనే చివరి వరస పూర్తి చేశారు. పోలయ్య నిచ్చెన దిగాక సింహాసనాన్ని దింపించి రాజుగారు బురుజు దిగారు. ఆయన గుమ్మం దాటేసరికి వెనక వాన గోడలా వచ్చి పడింది.

ఆ తుఫాను గురించి ఆ రాజ్యం చాలాకాలం చెప్పుకుంది. కొబ్బరిచెట్లు విరిగాయి. పల్లపు ఊళ్లవాళ్లు పిల్లలనూ మేకలనూ ఎత్తుకుని కోటలోకి వచ్చి తూర్పు చావడి నిండా సర్దుకున్నారు. రాజుగారు కొలువుకూటంలో సింహాసనం మీద కూర్చుని, చెవులు రిక్కించి, టప్ మనే చప్పుడు కోసం ఎదురుచూశారు. చప్పుడు రాలేదు. అయినా ఆయనకు నమ్మకం కుదరక లేచి గోడలు తడిమి వచ్చి కూర్చున్నారు.

చివరికి ఒక్క చప్పుడు వినిపించింది. టప్.

అందరూ తలెత్తారు. కసి కొద్దీ గట్టిగా పొడిచిన చోట ఒక పెంకు కాస్త బీటవేసింది. చుక్కలు వాసం వెంబడి ఓపిగ్గా పాకి, పాకి, పేరిభట్టు నడినెత్తి మీద దిగుతున్నాయి. ఆయన పక్కకు జరగబోయాడు.

"కదలకండి భట్టుగారూ!" అన్నారు రాజుగారు. "వరుణదేవుడు ఏరికోరి తమకే చేస్తున్నాడు అభిషేకం. ఏ పండితుడికి దక్కింది ఈ భాగ్యం! గిన్నె కూడా పెట్టకండర్రా, అపచారం."

"ప్రభూ," అన్నాడు పేరిభట్టు, ముక్కు మీదికి జారుతున్న నీళ్లు తుడుచుకుంటూ, "కప్పు... కారుతోంది."

అన్నేళ్లకు ఆ మాట కోటలో మళ్లీ వినిపించింది. రాజుగారు పగలబడి నవ్వారు.

తుఫాను వెలిసిన ఉదయం సూరాలమ్మ గుప్పెడు వడ్లతో వచ్చింది. ఒక గింజ పంటి కింద వేసి కొరికింది. కటుక్కుమంది. అది చాలు. కొంగుతో కళ్లు ఒత్తుకుని మిగతా గింజలు సింగన చేతిలో పోసింది.

రాజుగారు తన చేతి కంకణం తీసి సింగనకు తొడిగారు. "ఇది కాక ఇంకా ఏం కావాలో అడుగు," అన్నారు.

"శాసనం అలాగే ఉండనివ్వండి ప్రభూ," అన్నాడు సింగన. "రోహిణి కార్తెలో తమరు ఒక్కరోజు బురుజెక్కండి. చాలు."

అప్పటినుంచి ఏటా రోహిణి రాగానే ఉద్దండ భూపతి అందరికంటే ముందు బురుజెక్కేవారు. పోలయ్యా, అతని మనుషులూ నిచ్చెనల దగ్గర కాచుకుని ఉండేవారు. రాజుగారు పిట్టగోడ మీంచి వంగి, ఊరంతా వినేలా అడిగేవారు.

"ఆ ఏనుగు కట్టేసిన కొంప ఎవరిదిరా?"

"తమదే మారాజా!" అని కింద నుంచి ఊరంతా ఒక్కసారిగా అరిచేది.

"అయితే ఎక్కండి!" అనేవారు రాజుగారు.